చక్రం మూలిగితే వినవలెను

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దల సామెత. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగరం చుట్టుపట్ల తరతరాలుగా కాపురమున్న మన తెలుగు ఇళ్ళలో ఈ మాట విననివారు అరుదు. మన తాతలు ఈ నల్లరేగడి దారులలో పత్తి బస్తాలు వేసుకొని ఎద్దుబండ్లు తోలినవారే గదా! ఇప్పుడు ఎద్దులు లేవు, బండి కింద వేలాడే కందెన డబ్బా లేదు. అయినా చక్రం ఉన్నది, ఇరుసు ఉన్నది, ఆ సంగీతమూ ఉన్నది. ఆ సంగీతాన్ని విని కూడా విననట్లు ఊరుకొన్నందువల్ల మాకు కలిగిన నష్టమూ, తప్పిన అపాయమూ, తెలిసివచ్చిన నాలుగు సంగతులూ పాఠకులతో చెప్పుకొందామని ఈ వ్యాసం.

మేమనగా నలుగురము. కాపురాలు కోవిల్‌పట్టిలో, కొలువులు విరుదునగరంలో. నలుగురమూ గుమాస్తాలమే. రైలూ బస్సూ లేకపోలేదు గాని, అవి మా వేళలకు కుదరవు. అందుచేత నలుగురము కలిసి చేయి మారిన పాత కారు ఒకటి కొన్నాము. పెట్రోలు, ఎట్టూర్‌వట్టం సుంకం గేటు రుసుము, మరమ్మతు, అన్నీ నాలుగు పాళ్ళు. నలుగురి సొత్తు కావడం వల్ల ఒక సుగుణమూ ఒక దుర్గుణమూ ఉన్నవి. ఖర్చు ఒక్కరి నెత్తిన పడదు. కాని నలుగురూ సరేనంటే తప్ప ఒక్క మర కూడా బిగించడానికి వీలులేదు. కార్యాలయంలో ఫైలు నడిచినట్లే మా కారు మరమ్మతూ నడుస్తుంది.

చప్పుడు మొదలైన విధం

2023 డిసెంబరు 17, 18 తేదీలలో తూత్తుక్కుడి, తిరునెల్వేలి జిల్లాలలో కురిసిన వాన ఎవరూ మరచిపోలేదు. కాయల్‌పట్టణంలో ఒక్క రోజులో 95 సెంటీమీటర్లు కురిసినది. మా వీధి చెరువైనది. కారు ఒక రాత్రీ ఒక పగలూ చక్రాల నడిమి దాకా నీళ్ళలో నిలిచినది. నీరు తీసిన తరువాత ఆయిలు మార్పించినాము, బ్రేకులు చూపించినాము, సీట్లు ఎండబెట్టినాము. చక్రాల నడుమ ఉండే బేరింగుల మాట మాత్రం మాకెవరికీ తోచలేదు.

ఫిబ్రవరి నెలలో చప్పుడు మొదలైనది. నలభై కిలోమీటర్ల వేగం వరకు ఏమీ లేదు. సాత్తూరు దగ్గర వైప్పారు వంతెన దాటి వేగం పుంజుకొనేసరికి ఎక్కడో దూరాన విమానం పోతున్నట్లు "ఊఁ..." అని ఒకటే మూలుగు. ఎట్టూర్‌వట్టం గేటు దగ్గర వేగం తగ్గితే మూలుగు కూడా అణగిపోయేది. గేటు దాటితే మళ్ళీ మొదలు.

ఒకరు రోడ్డు గరుకన్నారు. ఒకరు టైర్లన్నారు. మూడవవారు నెలాఖరున ఆ మాట ఎత్తవద్దన్నారు. నాలుగవవారు పాటలు పెట్టి గొంతు పెంచినారు. అన్నిటికంటె సులువైన చికిత్స అదే కాబట్టి అందరమూ దానికే సమ్మతించినాము.

పదిహేను రోజులు గడిచేసరికి పాట మీదుగా మూలుగు వినబడసాగినది. ఒక దుకాణంలో చూపిస్తే, ముందు టైర్లు అరిగినవి, మార్చమన్నారు. రెండు కొత్త టైర్లు కొన్నాము. డబ్బు నాలుగు పాళ్ళూ చెల్లించినాము. మరునాడు వైప్పారు వంతెన దాటగానే మూలుగు యథాప్రకారం హాజరు! అది టైర్ల తప్పా కాదా అని తెలుసుకొనడానికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటున్నదని ఆ తరువాత తెలిసినది. అది ముందుముందు చెప్పుతాము.

పెదనాయన విన్న మాట

మాలో ఒకరి పెదనాయన గారికి ఎనభై ఏండ్లు దాటినవి. వయసులో ఉన్నప్పుడు కోవిల్‌పట్టి మిల్లులకు పత్తిబండి తోలినవారు. ఆయనకు కంటి శస్త్రచికిత్స జరిగినది. తరువాతి పరీక్షకు గురువారం నాడు మధురకు మా కారులోనే తీసుకువెళ్ళవలెనని ఏర్పాటు. ఆ ముందు సోమవారం విరుదునగరంలో ఉన్న కూతురిని చూడడానికి ఆయన మాతో బయలుదేరినారు. కంటికి నల్లద్దాలు పెట్టుకొని వెనక సీటులో కూర్చున్నారు. కొంత దూరం పోయిన తరువాత, "నాయనా, ఆ పాట కొంచెం ఆపు" అన్నారు. ఆపినాము. తలుపు పక్క కమ్మీ మీద అరచేయి ఆనించి అట్లాగే కూర్చున్నారు.

సాత్తూరు దాటి ఒక పొడుగాటి వంపు ఎడమకు తిరిగినది. మూలుగు హెచ్చినది. తరువాత కుడికి తిరిగే వంపులో తగ్గినది. అప్పుడు పెదనాయన, "కుడి పక్క చక్రం. ముందుది" అన్నారు.

మాకు ఆశ్చర్యమైనది. ఇన్నాళ్ళూ మాకందరికీ చప్పుడు ఎడమ పక్కనుంచి వస్తున్నట్లే తోచినది. ఎట్లా చెప్పినారని అడిగినాము.

"ఎడమకు తిరిగినప్పుడు నా ఒళ్ళు ఎటు ఒరిగినది? కుడికి గదా! బండీ అటే ఒరుగుతుంది. బరువు ఏ చక్రం మీద పడితే అది తన బాధ చెప్పుకొంటుంది. పత్తిబండి అయినా అంతే. గట్టు వాలున పోతుంటే పల్లపు పక్క చక్రం మాటే వినవలెను" అన్నారు. కొంతసేపు ఊరుకొని, "నీళ్ళలో నానిన బండికి మళ్ళీ కందెన వేసినారా?" అని అడిగినారు.

"ఈ కాలపు బండ్లకు ఆ పని లేదు పెదనాయనా. కందెన లోపలే పెట్టి మూసివేస్తారు."

"మూసినది మూసినట్లే ఉన్నదా అని చూసినారా?"

మా దగ్గర జవాబు లేదు. నెల మొదట చూపిస్తామని మాత్రం అన్నాము. దానికి ఆయన కోపగించుకొనలేదు. "నన్ను బస్సులో తీసుకుపోండి, పరవాలేదు. చూపించేదాకా పిల్లలను మాత్రం దీనిలో ఎక్కించవద్దు" అన్నారు. ఆ మాటతో మా ఫైలు కదిలినది. మంగళవారం సాయంకాలమే కోవిల్‌పట్టిలో ఒక మెకానిక్ అణ్ణాచ్చి దగ్గరకు కారు తీసుకువెళ్ళినాము. దారిలో ఇరవై, ముప్పై కిలోమీటర్లకు మించి వేగం పోనీయలేదు.

బేరింగు ఎందుకు మూలుగుతుంది?

బేరింగు అనగా రెండు ఉక్కు వలయాలు, వాటి నడుమ గుండ్లు, ఆ గుండ్లు ఒకదానికొకటి తగలకుండా పట్టుకొనే ఒక పంజరం, ఇంత కందెన. గుండ్లకు బదులు రోలర్లు ఉండేవీ కలవు. ఎద్దుబండిలో ఇరుసు మీద చక్రం రాసుకొంటూ తిరుగుతుంది. ఇక్కడ రాపిడి లేకుండా దొర్లుతుంది. అంతే తేడా. బండి ఇరుసుకు గుండ్ల బేరింగు పెట్టవచ్చునని 1794లోనే వేల్సు దేశంలో కార్మార్థెన్ ఊరి ఫిలిప్ వాన్ అనే ఆయన పేటెంటు పొందినాడు. 1869లో పారిస్ నుంచి రువాన్ వరకు జరిగిన సైకిలు పందెంలో గెలిచిన జేమ్స్ మూర్ చక్రాలకు గుండ్ల బేరింగులే ఉండినవి. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్కెన్ ఒక పక్క సన్నగిల్లిన రోలర్ల బేరింగుకు పేటెంటు తీసుకొన్నాడు. మన లారీల చక్రాలలో నేటికీ ఆ రకమే విస్తారంగా కనబడుతుంది.

ఇక మా గుమాస్తా లెక్క ఒకటి వినండి. చిన్న కారు చక్రం చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు. కోవిల్‌పట్టి నుంచి విరుదునగరానికి ఇంచుమించు 50 కిలోమీటర్లు. అనగా ఒక్క పోకకు చక్రం 27 వేలకు పైగా చుట్లు తిరుగుతుంది. రానూ పోనూ 55 వేలు. నెలకు 25 పనిదినాలు వేసుకొంటే దాదాపు 14 లక్షల చుట్లు! ఇన్ని లక్షల సార్లు గుండ్లు వలయం మీద దొర్లుతున్నా, అద్దంలాంటి నునుపు, నడుమ సన్నని కందెన పొర ఉన్నంత కాలం బాధ లేదు. నీరు చేరితే కందెన చెడుతుంది, తుప్పు పడుతుంది, ఉక్కు మీద చిన్న పొక్కు లేచి పెచ్చు ఊడుతుంది. ఆ గుంట మీదుగా పోయే ప్రతి గుండూ ఒక దెబ్బ కొడుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 9 చుట్లు తిరుగుతుంది. పన్నెండు గుండ్లు ఉన్నవనుకొంటే, కదలని వలయం మీది గుంటకు సెకనుకు నలభై దాకా దెబ్బలు తగులుతవి. విడివిడి దెబ్బలుగా చెవి వాటిని పట్టలేదు. అన్నీ కలిసి మనకు మూలుగుగా వినబడుతవి. వేగం పెరిగితే దెబ్బల సంఖ్య పెరిగి మూలుగు స్వరం కూడా లేస్తుంది.

ఇంటివారు చేయదగిన పరీక్షలు

మొదటిది, ఇంజనా, చక్రమా అని తేల్చుకొనడం. ఖాళీ రోడ్డు మీద, చప్పుడు వినబడే వేగంలో క్లచ్చి నొక్కవలెను. ఇంజను వడి తగ్గినా మూలుగు తగ్గకపోతే అది ఇంజనుది కాదు, చక్రాలతోపాటు తిరిగే భాగానిది. ఇంజనును మాత్రం ఆపరాదు. ఆపితే బ్రేకుకూ స్టీరింగుకూ ఉండే సహాయం పోతుంది.

రెండవది, టైరా, బేరింగా అన్నది. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు మీదికి ఎక్కినప్పుడు చప్పుడు బాగా మారితే టైరును అనుమానించవలెను. ఏ రోడ్డు మీదనైనా ఒకే తీరుగా ఉంటే బేరింగును అనుమానించవలెను. మేము ముందు చెప్పుతామన్న ఉపాయం ఇదీ: ముందు టైర్లు వెనక్కు, వెనక టైర్లు ముందుకు మార్చి నడిపి చూడడం. టైరు చప్పుడైతే టైరుతోపాటే చోటు మారుతుంది. బేరింగుదైతే ఉన్నచోటనే ఉంటుంది. కొత్త టైర్లు కొనకముందే ఈ పని చేసి ఉంటే మా నాలుగు పాళ్ళూ మిగిలేవి.

మూడవది, పెదనాయన చెప్పినదే. ఎడమకు తిరిగినప్పుడు మూలుగు హెచ్చితే కుడి చక్రం, కుడికి తిరిగినప్పుడు హెచ్చితే ఎడమ చక్రం. సాధారణంగా ఇది నిజం. కాని కొన్ని బేరింగుల నిర్మాణం వల్ల తిరగబడడమూ కలదు. కాబట్టి దీనిని సాక్ష్యంగా తీసుకోవచ్చును గాని తీర్పుగా తీసుకోరాదు. పరీక్ష పేరుతో రద్దీ రోడ్డులో బండిని అటూ ఇటూ తిప్పడం ఎంతమాత్రం పనికిరాదు. సహజంగా వచ్చే వంపులే చాలును.

నాలుగవది, పోలికైన చప్పుళ్ళను వేరుచేయడం. బాగా తిప్పి మలుపు తిరిగేటప్పుడు "టక టక" మంటే అది సాధారణంగా ముందు చక్రాలను తిప్పే షాఫ్టు చివరి కీలుది. బ్రేకు మీద కాలు పెట్టగానే చప్పుడు మారితే ముందు బ్రేకు చూపించవలెను. ప్రయాణం తరువాత ఒక చక్రం నడుమ భాగం తక్కినవాటికంటె బాగా వేడిగా ఉంటే అది కూడా ఒక సూచన. చెయ్యి తగిలించకుండా దగ్గరగా పెట్టి చూస్తే చాలును. అయితే బ్రేకు పట్టుకొన్నా ఇట్లాగే వేడెక్కుతుంది.

చివరిది జాకీ మీది పరీక్ష. ఇదే తీర్పు. అణ్ణాచ్చి మా ఎదుటనే చేసి చూపినాడు. చదును నేల మీద కారు నిలిపి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం పెట్టి, జాకీతో లేపి, కింద ఇనుప స్టాండు పెట్టినాడు. జాకీని ఒక్కదానినే నమ్మి బండి కిందికి దూరరాదని రెండు సార్లు చెప్పినాడు. గడియారంలో 12, 6 ఉండే చోట్ల రెండు చేతులతో టైరు పట్టుకొని లోపలికీ బయటికీ ఊపినాడు. కొద్దిగా ఆడినది. మాలో ఒకరిని బ్రేకు నొక్కి పట్టుకొనమని మళ్ళీ ఊపినాడు. ఆట పోయినది. బ్రేకు నొక్కితే ఆట పోయినచో లోపం బేరింగుది. పోకపోతే కింద బాల్ జాయింటు మొదలైనవాటిని చూడవలెను. 3, 9 ఉండే చోట్ల పట్టి ఊపితే స్టీరింగు కీళ్ళ ఆట కూడా తెలుస్తుందట. తరువాత ఒక చేయి స్ప్రింగు మీద పెట్టి రెండో చేతితో చక్రం తిప్పినాడు. మమ్మల్నీ పెట్టమన్నాడు. ఇసుక నలుగుతున్నట్లు వేళ్ళకు తెలిసినది. ఎడమ చక్రాన్ని అట్లాగే తిప్పితే వెన్నలాగా తిరిగినది. పెదనాయన తలుపు కమ్మీ మీద అరచేయి ఎందుకు ఆనించినారో అప్పుడు మాకు అర్థమైనది. ఆట ఏమీ లేకున్నా ఈ గరుకు ఒక్కటే ఉండే బేరింగులూ కలవని, గరుకు ఉంటే చాలు మార్చవలసిందేనని అణ్ణాచ్చి చెప్పినాడు.

విప్పి చూస్తే

బేరింగు విప్పి వలయాలు విడదీసి చూపించినాడు. కందెన ఉండవలసిన చోట తుప్పు రంగు బురద. లోపలి వలయం మీద చింతగింజలంతేసి పెచ్చులు ఊడినవి. పంజరం ఒక చోట చిట్లి ఉన్నది. "ఇది ఇంకా ఎన్నాళ్ళు వచ్చేదో నేను చెప్పలేను, అణ్ణాచ్చి. పంజరం విరిగితే గుండ్లు ఒక పక్కకు చేరుతవి. చక్రం ఒరిగిపోవచ్చు, పట్టేయవచ్చు. ఎంత వేగంలో ఉండగా అన్నది మీ అదృష్టం" అన్నాడు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. గురువారం వంద కిలోమీటర్ల దారి, కంటికి శస్త్రచికిత్స జరిగిన ముసలాయనతో! బేరింగు ఖరీదు మేము వృథాగా కొన్న టైర్ల ఖరీదులో చిన్న పాలు కూడా కాదు.

కారణం వాన నీరే అయి ఉంటుందని ఆయన అభిప్రాయం. నడిచి వేడెక్కిన చక్రం లోతు నీళ్ళలో దిగితే లోపలి గాలి చప్పున చల్లబడి కుంచించుకొని, అరిగిన రబ్బరు సీలు పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకొంటుందట. గుంటలో పడిన దెబ్బలు, సుత్తితో కొట్టి బిగించిన బేరింగులు, అధిక బరువు కూడా కారణాలే. బరువు సంగతి ఇంజనీర్లు లెక్క కట్టినారు. గుండ్ల బేరింగు మీద బరువు రెండింతలైతే దాని ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పెండ్లికి వెళ్ళేటప్పుడు అయిదుగురి కారులో తొమ్మిదిమందిని ఎక్కించే మనవారందరూ ఈ లెక్క జ్ఞాపకం పెట్టుకొనవలెను.

కొత్తది బిగించేటప్పుడు దగ్గర నిలబడి చూడదగిన సంగతులు మూడు. బేరింగును ప్రెస్సుతో ఎక్కించవలెను, సుత్తితో కాదు. ఏ వలయం బిగుతుగా కూర్చోవలెనో ఆ వలయం మీదనే ఒత్తిడి పడవలెను. రెండో వలయాన్ని నొక్కితే ఆ బలమంతా గుండ్ల మీదుగా పోయి, కొత్త బేరింగు మొదటి రోజే గాయపడుతుంది. రెండవది, ఏ.బి.ఎస్. బ్రేకులున్న కొన్ని కార్లలో బేరింగుకు ఒక పక్క అయస్కాంతపు వలయం ఉంటుంది. ఆ పక్క సెన్సరు వైపుకే రావలెను. తిరగవేస్తే డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. మూడవది, నడిమి నట్టును కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు టార్క్ స్పానరుతో బిగించవలెను. పాత లారీల, వ్యాన్ల రోలరు బేరింగుల పద్ధతి వేరు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తిరిగి కొంచెం వదులు చేసి, కాటర్ పిన్ను వేస్తారు. అక్కడ అతి బిగింపు వదులుకంటె హాని.

ఎడమ బేరింగులో ఆట గాని గరుకు గాని లేనందున దానిని మార్చలేదు. దానికీ ఆ నీళ్ళే తగిలినవి కాబట్టి నెలకొకసారి తిప్పి చూపించుకోవలెనని నిర్ణయం. లెక్క పుస్తకంలో ఆ తేదీకి ఒక గడి గీసినాము.

మన ఇళ్ళ మాటలు

ఇరుసు, కందెన, ఆకులు అనే మాటలు మన ఇళ్ళలో పెద్దల నోట ఇంకా ఉన్నవి. మన పిల్లలు బడిలో తమిళం చదువుకొంటారు, కొలువులో ఇంగ్లీషు రాస్తారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టి తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానం పొందిన కి. రాజనారాయణన్ గారు ఈ కరిసల్ సీమ పల్లె మాటలకు ఒక నిఘంటువే కూర్చినారు. మాటతోపాటు దాని వెనక ఉన్న అనుభవం కూడా నిలవవలెను. పెదనాయనకు బేరింగు అనే మాట తెలియదు. బరువు ఎటు పడితే బాధ అటు పలుకుతుందని తెలుసును. మాకు ఆ మాట తెలుసును, వినడమే తెలియలేదు.

గురువారం నాడు మధురకు వెళ్ళినాము. పాట పెట్టలేదు. వైప్పారు వంతెన దాటినాము, ఎట్టూర్‌వట్టం గేటు దాటినాము. టైర్ల మామూలు రొద తప్ప మరేమీ లేదు. తిరుమంగళం దాటిన తరువాత పెదనాయన, "ఇప్పుడు పెట్టుకోండి మీ పాట" అన్నారు.

పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ బండి కొత్తగా ఏదైనా చప్పుడు చేస్తే ముందు పాట ఆపండి. ఎంత వేగంలో, ఏ మలుపులో, ఏ రోడ్డు మీద వినబడుతున్నదో ఒక కాగితం మీద రాసుకొని మెకానిక్‌కు చూపండి. నెలాఖరు అని మాత్రం ఆగవద్దు.